అమ్మ సంపాదించిన పొయ్యిని తూకానికి వేయకండి

రాజోలు నుంచి కొత్తపేట దాకా పాత ఇనుప సామాన్లు కొనే ఆటోలు తిరుగుతుంటాయి కదా, ఈ మధ్య వాటిలో ఒక వస్తువు తరచుగా కనిపిస్తోంది. తెల్లటి ఎనామిల్ డబ్బా, పైన నాలుగు గుండ్రటి ఇనుప పలకలు, కింద గాజు తలుపు, మధ్యలో వరసగా తిప్పే నాబ్‌లు. గల్ఫ్ నుంచి వచ్చిన కరెంటు కుకింగ్ రేంజి అది. దాని పక్కన ఒక్కోసారి గోధుమరంగు తలుపున్న పాత మైక్రోవేవ్ ఓవెను కూడా ఉంటుంది. అది గుండ్రటి టైమరు తిప్పితే చివర్లో గంట కొట్టే రకం. రెండూ కిలోల లెక్కన పోతున్నాయి. అమ్మేది కొడుకులు, కోడళ్లు. కొన్నావిడ ఆ పూట ఏ ఆస్పత్రి పని మీదో అమలాపురం వెళ్లి ఉంటుంది. కొందరి విషయంలో ఆవిడే లేదు.

నేను కువైట్‌లో వంటమనిషిగా చేసి 1999లో తిరిగొచ్చినదాన్ని. మాది రాజోలు పక్క పల్లె. ఆ పెట్టెల మీద మాట్లాడే హక్కు నాకుందనుకుంటున్నాను.

మా వైపు ఆడవాళ్లు కువైట్, మస్కట్, ఖతర్, దుబాయి వెళ్లడం కొత్త సంగతి కాదు. మలికిపురం, మామిడికుదురు, సఖినేటిపల్లి, అల్లవరం, ఏ ఊరి వీధిలోకి వెళ్లినా ఖద్దామా, అంటే ఇంటి పనిమనిషి, జీతంతో లేచిన డాబా ఒకటి చూపించవచ్చు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు కట్టుబట్టలతో అమ్మాన్ చేరి, అక్కడి నుంచి విమానాల్లో ఇంటికొచ్చిన భారతీయులు సుమారు లక్షా డెబ్బై వేల మంది. వాళ్లలో మా వాళ్లూ ఉన్నారు. యుద్ధం అయ్యాక మళ్లీ వెళ్లారు. వాళ్లని చూసి నాలాంటి వాళ్లం కొత్తగా వెళ్లాం.

నేను చేరిన ఇంట్లో వంటంతా కరెంటు మీదే. అప్పటిదాకా నాకు తెలిసిన పొయ్యి కొబ్బరి డొక్కలు, కమ్మలు, ఎండుమట్టలు తినేది. ఇక్కడ మంట కనిపించదు. ఇనుప పలక నల్లగా చల్లగా ఉన్నట్టే ఉంటుంది, చెయ్యి పెడితే తోలు ఊడుతుంది. వేడెక్కడానికి టైము తీసుకుంటుంది, కట్టేశాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది. ఆ లక్షణం పట్టుబడితే అన్నం సగం ఉడకగానే నాబ్ కట్టేయొచ్చు, మిగతాది పలకలోని వేడే చూసుకుంటుంది. మచ్‌బూస్ అన్నం అలాగే మగ్గించేదాన్ని. కింద ఓవెన్లో కోడి, చేప, రొట్టె. పైన ఒక హీటరు, కింద ఒక హీటరు, డిగ్రీలు చూపే నాబ్. ఇంటావిడని మేం మామా అని పిలవాలి. ఆ మామా ఓవెను కట్టేయడం ఎప్పుడూ పట్టించుకునేది కాదు. పట్టించుకోవలసిన అవసరం ఏముంది? అప్పట్లో కువైట్‌లో ఇళ్ల కరెంటు యూనిట్‌కి రెండు ఫిల్సులు. దినారుకి వెయ్యి ఫిల్సులు కాబట్టి ఒక్క దినారుకి 500 యూనిట్లు. ఆ ధర 1966 నాటిది, అప్పటిదాకా మార్చలేదు.

తిరిగొచ్చేటప్పుడు నేను బంగారం తక్కువ కొన్నాను, రేంజి కొన్నాను. కార్గోలో ఓడ మీద వచ్చింది. అప్పటి మన బ్యాగేజీ నిబంధనలు, 1998 నాటివి, చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. విదేశంలో ఉండి తిరిగొచ్చేవాళ్ల సామాన్లలో ప్రత్యేకంగా లెక్కపెట్టే వస్తువుల జాబితా ఉంటుంది. వీడియో క్యాసెట్ రికార్డరు, వాషింగ్ మెషీను, ఫ్రిజ్జు, మైక్రోవేవ్ ఓవెను వాటిలో ఉంటాయి. వాటితోపాటే కరెంటుదైనా గ్యాసుదైనా కుకింగ్ రేంజి. రెండు బర్నర్లకి మించకుండా, వేరే హంగులేవీ లేకుండా ఉంటే మాత్రం దాన్ని ఈ లెక్కలోంచి తప్పించారు. అంటే రెండు పొయ్యిల దాకా అవసరం, మూడో పొయ్యి దగ్గర విలాసం మొదలవుతుందన్నమాట. ప్రభుత్వానికి అది విలాసం, మా ఇంట్లోవాళ్లకి షోకేసు. వంటపని చేసేదానికి అది పనిముట్టు అన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు.

నిజం చెప్పాలంటే 1999లో ఆ పనిముట్టుకి మా ఊరు సిద్ధంగా లేదు. నాలుగు పలకలూ ఓవెనూ ఒకేసారి వేస్తే ఏడెనిమిది కిలోవాట్లు లాగుతుంది. మా ఇంటి మొత్తం కనెక్షను ఒక కిలోవాటుకి కూడా సరిగ్గా లేదు. సాయంత్రమైతే లో వోల్టేజీ, బల్బులో తీగ ఎర్రగా కనిపించేది. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి కొబ్బరిచెట్లతోపాటు స్తంభాలూ పడిపోయి వారాల తరబడి చీకట్లో గడిపిన ఊళ్లు మావి. కరెంటు మీద అన్నం పెట్టుకుంటానంటే ఎవరు నమ్ముతారు? పైగా అదే 1999లో దీపం పథకం వచ్చి డ్వాక్రా మహిళలకి గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. మరుసటి ఏడు కరెంటు చార్జీలు పెంచారు. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో ఆ చార్జీల మీద జరిగిన ఆందోళన, పోలీసు కాల్పులు అందరికీ గుర్తే. ఆ రోజుల్లో మా ఆయన రేంజి ప్లగ్గు దగ్గరికి నన్ను వెళ్లనివ్వకపోవడంలో ఆశ్చర్యం లేదు. దాన్ని హాల్లో పెట్టి, పైన ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి, గాజు తలుపు వెనక మెలమైన్ ప్లేట్లు సర్దారు. వచ్చినవాళ్లు చూసి "కువైట్‌దా అండీ" అనేవారు. కొన్నేళ్లకి హాల్లోంచి వసారాలోకి, వసారాలోంచి పెరటి పాకలోకి వెళ్లింది. ప్రతి ఊళ్లోనూ ఇదే ప్రయాణం. మా వదినగారింట్లో ఓవెన్లో ఆవకాయ జాడీలు, మా మేనత్త కూతురింట్లో పెళ్లి ఆల్బములు.

అప్పుడు సరే. ఇప్పుడో? ఇప్పుడు అదే ఇళ్లలో ఏసీ ఉంది, గీజరు ఉంది, మోటారు ఉంది. లైను మారింది, మీటరు మారింది, పదహారు ఆంపియర్ల సాకెట్లు వచ్చాయి. వస్తువు ముందొచ్చింది, కరెంటు తర్వాత వచ్చింది. తీరా కరెంటు వచ్చాక వస్తువుని ఇనుపకొట్టుకి పంపుతున్నాం. నా అభ్యంతరం ఇక్కడే.

"అక్కా, అది షాక్ కొడుతోందంట, అందుకే పడేస్తున్నారు" అంటాడు మా తమ్ముడు. వాడు అమలాపురం గడియారస్తంభం సెంటరుకి దగ్గర్లో మిక్సీలు, గ్రైండర్లు, ఓవెన్లు బాగుచేస్తాడు. షాక్ కొట్టే మాట నిజమే. కానీ ఎందుకు కొడుతుందో వాడే చెప్పాడు, ఆ ముక్క అందరికీ తెలియాలి. రేంజిలో హీటరంటే పైకి కనిపించే గొట్టం కాదు. గొట్టం లోపల నైక్రోమ్ తీగ ఉంటుంది, తీగకీ గొట్టానికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ అనే తెల్లటి పొడి కూరి ఉంటుంది. వేడిని బయటికి పంపి, కరెంటుని ఆపడం ఆ పొడి పని. ఆ పొడికి ఉన్న జబ్బల్లా తేమ పీల్చుకోవడమే. రోజూ వాడే హీటర్లో తేమ ఉండదు, ఎప్పటికప్పుడు కాలి ఆరిపోతుంది. ఏళ్ల తరబడి పాకలో పడి ఉన్న హీటరు, అందులోనూ గోదావరి పాయల మధ్య, సముద్రం గాలి తగిలే మా కోనసీమలో, గొట్టం చివర్లలోంచి తేమ తాగుతూనే ఉంటుంది. పండక్కి ఎవరో ముచ్చటపడి ప్లగ్గు పెడతారు. తడిసిన పొడి కరెంటుని ఆపలేదు, డబ్బాకి పాకుతుంది. ఇంట్లో ఎర్తింగు లేకపోతే మనిషికి కొడుతుంది, కరెంటు లీకయితే లైను కట్టేసే ఆర్‌సీసీబీ ఉంటే అది టప్పున పడిపోతుంది. "పాడైపోయింది" అని తీర్పు చెప్పేస్తారు.

అది పాడవడం కాదండీ, నిమ్ము పట్టడం. హీటరు విప్పి, సన్నని వేడి మీద గంటల తరబడి ఆరబెట్టి, మెగ్గరు అనే మీటరుతో కరెంటు లీకు చూసుకుని, చివర్లు మూసి బిగిస్తే చాలావాటికి మళ్లీ ప్రాణం వస్తుంది. మా రేంజికి మా తమ్ముడు చేసింది ఇదే. హీటరు నిజంగా కాలిపోతే అదే కొలతకి గొట్టం వంచి కొత్తది చేసే వాళ్లు రాజమండ్రిలో, విజయవాడలో దొరుకుతారు. మిగతాదంతా ఏముంది, ఒక థర్మోస్టాటు, నాలుగు రోటరీ స్విచ్‌లు, వేడికి తట్టుకునే వైరు. స్క్రూడ్రైవరుతో విప్పి, కంటితో చూసి, చేత్తో మార్చగలిగిన వస్తువు. తేమ సంగతి తెలియనివాళ్లు ఇంట్లో సొంతంగా ప్రయత్నించవద్దు. ఇంటి ఎర్తింగు చూపించకుండా అసలు ప్లగ్గే పెట్టవద్దు.

"మన వంటకి ఓవెనెందుకు, మనమేం కేకులు తినే జాతా" అనేవాళ్లుంటారు. కేకులూ తింటున్నాం లెండి, డిసెంబరొస్తే మా ఊళ్లో సగం ఇళ్లలో కేకే. అది పక్కన పెట్టి దిబ్బరొట్టె సంగతి అడుగుతాను. మా అమ్మమ్మ దిబ్బరొట్టె ఎలా వేసేది? మినప రుబ్బులో బియ్యపురవ్వ, జీలకర్ర కలిపి, నూనె పోసిన మందపాటి మూకుట్లో అరచెయ్యి మందాన పోసేది. మూకుడు కింద డొక్కల సెగ, మూకుడి మీద పళ్లెం, పళ్లెంలో నిప్పులు. పైనా కిందా సెగ తగిలితేనే లోపల దూదిలా ఉడికి, రెండువైపులా ఎర్రటి చెక్కు కడుతుంది. గ్యాసు పొయ్యి వచ్చాక పైసెగ పోయింది. రొట్టెని తిరగేస్తున్నారు, తిరగేసినప్పుడు గాలి పోయి అణుగుతోంది, సన్నమంట మీద ఎంతసేపు పెట్టినా నడుమ పచ్చిగానే ఉంటోంది. అందుకే ఇళ్లలో మందం తగ్గించేశారు. చాలామంది పిల్లలకి దిబ్బరొట్టెంటే లావుపాటి అట్టు.

రేంజిలో ఓవెన్ కట్టిన పద్ధతే మా అమ్మమ్మ పద్ధతి. పైన హీటరు, కింద హీటరు. నేను 200 డిగ్రీలకి వేడి చేసి, నూనె రాసిన ఇనప మూకుట్లో రుబ్బు పోసి, ముందు కింది హీటరు ఎక్కువసేపు, చివర్లో పైది వేస్తాను. తిరగేసే పనే లేదు. తేనెపానకంతో పెడితే మా మనవడు ఓవెను దగ్గర్నుంచి కదలడు. మినప రొట్టెకి ఇంతకంటే తగిన యంత్రం నేను చూడలేదు. అన్నిటికీ ఇదే గొప్పదని మాత్రం అనను. దాలిలో పిడకల సెగ మీద పొద్దున్నుంచీ కాగి ఎర్రబడ్డ పాల రుచి ఏ ఓవెనూ ఇవ్వదు. ఆత్రేయపురం పూతరేకు బోర్లించిన కుండ మీదే తియ్యాలి, ఆ కుండకింద ఎండాకుల మంటే ఉండాలి.

ఇక మైక్రోవేవ్ సంగతి. 1945లో అమెరికాలో రేథియాన్ అనే కంపెనీ ఇంజినీరు పెర్సీ స్పెన్సర్ రాడార్‌కి వాడే మాగ్నెట్రాన్‌తో వంట చెయ్యొచ్చని కనిపెట్టాడు. 1947లో అమ్మకానికి వచ్చిన మొదటి యంత్రం ఆరడుగుల ఎత్తు, 340 కిలోల బరువు, చల్లబడటానికి నీళ్ల పైపు తగిలించాలి. 1955లో టాపన్ కంపెనీ ఇళ్ల కోసం చేసిందాని ధర 1,295 డాలర్లు, ఎవరు కొంటారు? 1966లో జపాన్ షార్ప్ కంపెనీ లోపల తిరిగే పళ్లెం పెట్టింది. 1967లో అమానా కంపెనీ బల్లమీద పట్టే పెట్టెని 495 డాలర్లకి ఇచ్చింది. ఇన్ని హంగులొచ్చినా ఒక లోటు మిగిలింది. మైక్రోవేవ్ పదార్థంలోని నీటిని వేడిచేస్తుంది తప్ప పైన చెక్కు కట్టించలేదు. కోడి ఉడుకుతుంది, ఎర్రబడదు. అందుకే అదే పెట్టెలో పాత ఓవెను హీటరు, ఒక ఫ్యాను కలిపేశారు. గల్ఫ్ నుంచి మా ఊళ్లకొచ్చిన పాత కాంబినేషన్ ఓవెన్లు ఈ జాతివే.

వీటి విషయంలో నాకు రేంజి మీద ఉన్నంత మొండితనం లేదు. లోపలి ట్రాన్స్‌ఫార్మరు, కెపాసిటరు కలిసి నాలుగువేల వోల్టుల దాకా తయారుచేస్తాయి. ప్లగ్గు పీకేశాక కూడా కెపాసిటర్లో మనిషిని చంపేంత కరెంటు నిలిచి ఉంటుంది. యూట్యూబు చూసి విప్పే కుర్రాళ్లకి ఇది చెప్పాలి. తలుపు వంగినా, కీలు తుప్పుపట్టినా మైక్రోవేవ్ భాగాన్ని ఇక వాడకూడదు. ఏ దేశం నుంచి వచ్చిందో కూడా చూడాలి. కువైట్‌లో 240 వోల్టులు, 50 సైకిళ్లు, మనకి దగ్గరగా ఉంటుంది, ప్లగ్గు ఒకటి మారిస్తే చాలు. సౌదీలో 60 సైకిళ్లు, పాత ఇళ్లలో 127 వోల్టులు. అమెరికాలోనూ 60 సైకిళ్లే. వోల్టేజీ మార్చే పెట్టె కొనుక్కున్నా సైకిళ్లు మారవు. అమెరికా నుంచి కొడుకు తెచ్చిన ఓవెన్లో పదినిమిషాలు పెడితే పన్నెండు నిమిషాలకి గంట కొడుతోందని ఒకావిడ మా తమ్ముడితో గొడవపడింది. టైమరు మోటారు 60కి తిరగాల్సింది 50కి తిరుగుతోంది, అంతే. అక్కడితో ఆగితే బాగానే ఉండేది, ట్రాన్స్‌ఫార్మరు కూడా అతిగా వేడెక్కి ఒకరోజు మాడిపోతుంది. అలాంటివి ఇనుపకొట్టుకి పంపినా నేను అడ్డుపడను. కానీ 50 సైకిళ్ల కాంబినేషన్ ఓవెన్లో మాగ్నెట్రాన్ పోయినంత మాత్రాన హీటరు, ఫ్యాను పోయినట్టు కాదు. మా తమ్ముడు మైక్రోవేవ్ భాగానికి వైర్లు తీసేసి, ఉత్త ఓవెనుగా నడిచేలా చేసి ఇస్తాడు.

మరి కొత్తవి కొనుక్కోవచ్చు కదా అంటారు. మా కోడలు కొంది, పేరున్న కంపెనీదే. ముందు వైపు నున్నటి గాజు, వేలితో ముట్టుకుంటే పనిచేసే బొమ్మలు. లోపల బోర్డు మీదకి బల్లి దూరి షార్టయింది. మా వైపు ఇళ్లలో బల్లీ చీమా దూరని పెట్టె ఎక్కడ దొరుకుతుంది! కంపెనీ మనిషి వచ్చి, ఆ మోడలు ఆపేశాం, బోర్డు రాదు, వచ్చినా కొత్తదాంట్లో సగం ధర అన్నాడు. హీటరు బాగుంది, ఫ్యాను బాగుంది, మాగ్నెట్రాన్ బాగుంది. అరచేతిలో పట్టే ఒక్క బోర్డు లేక మొత్తం పెట్టె మూల కూర్చుంది. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో రిపేరు హక్కు అంటూ ఒక పోర్టల్ తెరిచింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ-వ్యర్థాల కొత్త నిబంధనలూ అమల్లోకి వచ్చాయి. సంతోషమే. కానీ అమ్మిన వస్తువుకి కనీసం పదేళ్లు విడిభాగాలు ఇచ్చి తీరాలని, అవి వీధి మెకానిక్కులకీ అమ్మాలని చట్టం చెయ్యనిదే అమలాపురంలో మా తమ్ముడి బల్ల మీదకి ఆ బోర్డు రాదు.

ఖర్చు మాట దాటవేయను. రోజువారీ అన్నం, కూర, పప్పు అన్నీ రేంజి మీదే చెయ్యమని నేను చెప్పడం లేదు. పధ్నాలుగు కిలోల సిలిండరు చేసే పని ఇనుప పలక మీద చెయ్యాలంటే సుమారు 150 యూనిట్లు కావాలి. మన ఇళ్ల శ్లాబుల్లో 2022 నుంచి 125 యూనిట్లు దాటితే యూనిట్‌కి 6 రూపాయలు, 225 దాటితే 8.75, 400 దాటితే 9.75, సర్దుబాటు చార్జీలు వేరే. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వచ్చే ఇళ్లలో అన్నానికి గ్యాసే మేలు. కానీ ఓవెన్లో గంటసేపు రొట్టె కాలిస్తే రెండు యూనిట్లు మించవు, థర్మోస్టాటు మధ్యమధ్యలో ఆపుతుంది కాబట్టి ఇంకా తక్కువే అవుతుంది. పన్నెండు రూపాయలకి దిబ్బరొట్టె. హోటల్లో ఏ ధరకిస్తున్నారో మీకే తెలుసు.

పక్కమాట ఒకటి చెప్పి ముందుకెళ్తాను. 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాసు బావి అంటుకుని రెండు నెలలకి పైగా మండితే, రాత్రిపూట ఆకాశం ఎర్రబడటం చుట్టుపక్కల ఊళ్లన్నీ చూశాయి. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాసు పైపు పేలి నిద్రలోనే మనుషులు కాలిపోయారు. మా నేల కింది గ్యాసు పైపుల్లో వెళ్లి ఎక్కడో కరెంటవుతుంది. ఆ కరెంటు ఇప్పుడు మా ఇంటికి సరిగ్గా వస్తోంది. వాడుకోవడానికి పనిముట్టు పెరట్లోనే ఉంది.

ప్రతి రేంజినీ కాపాడమని నా మాట కాదు. అడుగు తుప్పుపట్టి ఊడిపోయినవి, తలుపు లేనివి, సౌదీ లెక్క కరెంటువి పోతే పోనివ్వండి. కానీ ఆ తీర్పు ఎవరు చెబుతున్నారన్నదే నా ప్రశ్న. దాని మీద ఒక్కపూట కూడా వండని మగవాళ్లు, దాన్ని షోకేసుగానే చూసిన పిల్లలు చెబుతున్నారు. వండటం వచ్చిన మనిషి ఇంట్లోనే ఉంది. ఏ నాబ్ దేనికో, ఏ పలక ఎంతసేపు కాలుతుందో, కోడికి ఎన్ని డిగ్రీలో ఆవిడకి తెలుసు. పరాయి వంటింట్లో నేర్చుకున్న ఆ విద్య ఆవిడ సొంత వంటింట్లో ఒక్కరోజూ పనికి రాలేదు.

కాబట్టి కోనసీమలో గల్ఫ్ జీతం తిని పెరిగిన కొడుకులకీ కూతుళ్లకీ ఒక్కటే అడుగుతున్నాను. ఈసారి ఆటో వచ్చినప్పుడు ముందు అమ్మని పిలవండి. ఎలక్ట్రీషియన్ని పిలిచి ఇంటి ఎర్తింగు చూపించండి, హీటరు ఆరబెట్టించండి. ఆ తర్వాత కూడా వద్దని ఆవిడ అంటే అప్పుడు అమ్ముకోండి, ఆ డబ్బు ఆవిడ చేతిలో పెట్టండి.